సముద్రం దాటే ఖర్చు ఎవరిది?

సైబరాబాద్ కథ: చరిత్ర ధారావాహిక, 9వ భాగం

బోరబండ స్టేషన్‌లో లింగంపల్లి వైపు వెళ్లే ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. 2003 ఆగస్టులో ఆ రైళ్లు మొదలయ్యాక ఈ రెండింటి మధ్య ప్రయాణం కొద్ది నిమిషాల పని అయిపోయింది. ఇటు వెనక్కి తిరిగితే ఎర్రగడ్డ, ఎస్సార్‌నగర్ మీదుగా అమీర్‌పేట కూడా దగ్గరే. కంప్యూటర్ కోర్సులు నేర్పే గల్లీలకూ, ఆ కోర్సులు నేర్చినవాళ్లను పనిలోకి తీసుకునే అద్దాల మేడలకూ నడుమ ఉన్న చోటు ఇది. సనత్‌నగర్, బాలానగర్ ఫ్యాక్టరీలకు ఇరుగుపొరుగున ఉన్న ఇలాంటి కాలనీల్లో ఇవాళ ఇంజనీరింగ్ డిగ్రీ వింతేమీ కాదు. దగ్గరతనాన్ని బట్టే అయితే సాఫ్ట్‌వేర్ చదువు పట్టుకుని విదేశాలకు వెళ్లడంలో ఇక్కడి పిల్లలే అందరికంటే ముందుండాలి. కానీ 1990ల చివర హైదరాబాద్ మీదుగా సిడ్నీకి, డల్లాస్‌కు, శాన్‌హోజేకు విమానమెక్కినవాళ్లలో కోస్తా జిల్లాల రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్లదే పెద్ద వాటా. ఎక్కడో డెల్టాలో పుట్టి, అమీర్‌పేట హాస్టల్లో కొన్ని నెలలుండి వెళ్లినవాడికి దొరికిన దారి, ఆ గల్లీల పక్కనే పెరిగినవాడికి అంత సులువుగా ఎందుకు దొరకలేదు?

తెలివితేటల్లో తేడా అంటే నిలవదు. చదువులో తేడా అంటే కొంత నిజం. అయితే అసలు కారణం ఇంకోటుందని ఈ భాగంలో చూపించదలచాను. కొత్తగా డిగ్రీ చేతికొచ్చిన ఇంజనీరుకు విదేశంలో ఉద్యోగం దొరకడానికి ప్రతిభ కావాలి, పట్టుదల కావాలి, అందులో సందేహం లేదు. కానీ ఏ కాలంలో ఎవరు వెళ్లగలిగారన్నది తేల్చింది మాత్రం ఆ ప్రయాణానికయ్యే ఖర్చు, అది బెడిసికొడితే వచ్చే నష్టం ఎవరి నెత్తిన పడేట్టు ఆనాటి చట్టాలు, నియమాలు ఉన్నాయన్న సంగతే. ఒకప్పుడు ఆ భారం సర్కారు మీద, విశ్వవిద్యాలయం మీద ఉండేది. ఆ తర్వాత కంపెనీ మీద, కన్సల్టెన్సీ మీద సగం సగం పడింది. గత ఇరవై ఏళ్లుగా అది దాదాపు పూర్తిగా కుటుంబం మీదికి వచ్చి చేరింది. భారం చేతులు మారినప్పుడల్లా వెళ్లేవాళ్లూ మారారు.

మామూలుగా ఈ కథ 1998 నవంబరు 22 నుంచి మొదలవుతుంది. ఆ రోజు ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అక్కడి నుంచే తెలుగు కుర్రాళ్లు ప్రపంచమంతా పాకారని చాలామంది నమ్మకం. నగర చరిత్రలో అది గొప్ప ఘట్టమే, గత రెండు భాగాల్లో దాని గురించి వివరంగా చెప్పుకున్నాం. కానీ సైబర్ టవర్స్ చేసింది విదేశాల పనిని ఇక్కడికి రప్పించడం. ఇక్కడి మనుషుల్ని విదేశాలకు పంపిన దారి వేరు, దాని వయసు ఇంకా ఎక్కువ. రెండింటినీ ఒకటిగా కలిపేస్తే అసలు మలుపు ఎక్కడుందో కనపడకుండా పోతుంది.

పాత రోజుల్లోకి వెళ్దాం. నిజాంసాగర్ కట్టిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ పంతొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివారు. ఆ చదువుకు ఖర్చు పెట్టింది హైదరాబాద్ సర్కారు. తిరిగొచ్చాక ఆయన పని చేసిందీ ఆ సర్కారుకే. డబ్బూ రాష్ట్రానిదే, ఫలమూ రాష్ట్రానిదే. ఆంధ్ర ప్రాంతంలో అలాంటి ఆసరా లేనివాళ్లు దాతల్ని ఆశ్రయించారు. ఇంజనీరు కాకపోయినా యల్లాప్రగడ సుబ్బారావు పేరు ఇక్కడ చెప్పుకోవాలి. 1920లలో ఆయన బోస్టన్ చేరడానికి మామగారి డబ్బూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయమూ తోడయ్యాయి. కుటుంబం ఖర్చు భరించడం ఎప్పటి నుంచో ఉన్నదేగా అని ఎవరైనా అంటే, ఈ ఉదాహరణ వాళ్లకు కొంత బలమిస్తుంది. కాకపోతే అప్పట్లో అలా వెళ్లినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అది ఒక్కో మనిషి సాహసం, ఒక తరమంతా నడిచే బాట కాదు.

బాట పడింది 1965లో. అంతకు ముందు భారతీయులకు అమెరికా ఇచ్చిన కోటా ఏడాదికి వంద మంది, అదీ 1946లో దక్కినది. 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం దేశాల వారీ పాత వివక్షను తీసేసి, వృత్తి నిపుణులకు ప్రాధాన్యం ఇచ్చింది. సరిగ్గా అదే సమయానికి మన దగ్గర ప్రభుత్వ కాలేజీల నుంచి ఇంజనీర్ల తొలి పెద్ద పంట చేతికొస్తోంది. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ 1929 నాటిది. కాకినాడ, అనంతపురం కాలేజీలు 1946 నాటివి. వరంగల్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి నెహ్రూ 1959లో శంకుస్థాపన చేశారు. వీటిలో ఫీజులు నామమాత్రం, సీట్లు కొన్నే. అక్కడ చదివి పైచదువుకు అమెరికా వెళ్లాలనుకున్న విద్యార్థికి ఒక విచిత్రమైన అడ్డు ఉండేది. ఇంట్లో డబ్బున్నా పంపడానికి వీల్లేదు. విదేశీ మారకద్రవ్యం కరువు వల్ల రిజర్వ్ బ్యాంకు డాలర్లను పిసరంత మాత్రమే విదిల్చేది. జేబులో ఎనిమిది డాలర్లతో న్యూయార్క్‌లో దిగామని ఆ తరంవాళ్లు చెప్పుకునే మాట అతిశయోక్తి కాదు, అప్పటి నిబంధన అది. 1973 నాటి ఫెరా చట్టం ఆ పట్టును ఇంకా బిగించింది.

దాంతో ఏమైందంటే, అక్కడి యూనివర్సిటీ స్వయంగా ఖర్చు భరిస్తానంటే తప్ప ఎవరూ కదల్లేకపోయారు. అసిస్టెంట్‌షిప్ ఇచ్చి, ఫీజు మాఫీ చేసి, నెలకింత అని చేతిలో పెడితేనే ప్రయాణం. ఈ సంగతి కళ్లకు కట్టాలంటే ఐ-20 అనే కాగితాన్ని చూడాలి. అమెరికాలో సీటొచ్చిన ప్రతి విద్యార్థికీ యూనివర్సిటీ పంపే ఫారం ఇది, వీసా ఇంటర్వ్యూకు ఇది లేకుండా వెళ్లలేరు. దశాబ్దాలుగా దాని రూపం మారుతూ వచ్చినా సారం ఒక్కటే. ఒక పక్క ఖర్చులు: ట్యూషన్ ఫీజు, బతకడానికయ్యే ఖర్చు, ఇతరాలు. దానికి ఎదురుగా ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న లెక్క: సొంత నిధులు, యూనివర్సిటీ ఇచ్చే నిధులు, మరొకరిచ్చేవి. రెండు పక్కలా మొత్తం సరిపోవాలి. 1970లలో కాకినాడ నుంచో వరంగల్ నుంచో వెళ్లిన కుర్రాడి ఐ-20లో బరువంతా యూనివర్సిటీ నిధుల గడిలో ఉండక తప్పేది కాదు. ఇవాళ మాస్టర్స్‌కు వెళ్లే మామూలు విద్యార్థి ఐ-20లో ఆ గడి చాలాసార్లు ఖాళీ, అంకెంతా సొంత నిధుల గడిలోనే. నేను చెప్పదలచిన చరిత్ర మొత్తం ఆ అంకె ఒక గడి నుంచి ఇంకో గడికి జరిగిన చరిత్రే.

ఆ మొదటి తరం సమాజంలో అన్ని వర్గాల నుంచీ వచ్చిందని నేననను. ఇంగ్లిష్ చదువు, పట్నంలో బంధువులు, ప్రభుత్వ కాలేజీలో సీటు దొరికే వెసులుబాటు ఉన్న ఇళ్ల పిల్లలే అందులో ఎక్కువ. అయినా ఆ వడపోతలో ఆస్తికి నేరుగా చోటు లేదు. బడిపంతులు కొడుకైనా, భూస్వామి కొడుకైనా అసిస్టెంట్‌షిప్ కాగితం ముందు ఒకటే. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం తొలి మహాసభ న్యూయార్క్‌లో జరిగే నాటికి అక్కడ కూడినవాళ్లు ఎక్కువగా ఈ దారిన వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులే. సరిగ్గా ఆ ఏడాదే విజయవాడలో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది. ప్రైవేటు ఇంజనీరింగ్ చదువు మన రాష్ట్రంలో అడుగుపెట్టింది అప్పుడే. తర్వాత నాలుగేళ్లలో చైతన్య భారతి, వాసవి, బాపట్ల కాలేజీలు వచ్చాయి. కృష్ణా, గోదావరి ఆయకట్టుల్లో హరిత విప్లవం మిగిల్చిన డబ్బు పొలం నుంచి చదువు వైపు మళ్లింది. 1983 చట్టంతో ఎన్టీఆర్ ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజును నిషేధించింది, ఎంసెట్ వచ్చింది. కానీ ఆ మళ్లింపు ఆగలేదు.

ఇక అందరికీ తెలిసిన ఘట్టం. 1990 నాటి అమెరికా వలస చట్టం హెచ్-1బి అనే ఉద్యోగ వీసాకు ప్రాణం పోసి, ఏడాదికి 65,000 అని పరిమితి పెట్టింది. 2000 సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయన్న భయంతో కోబాల్ తెలిసిన ప్రతివాడికీ గిరాకీ పుట్టింది. 1999, 2000 సంవత్సరాలకు ఆ పరిమితిని 1,15,000కు, తర్వాత మూడేళ్లకు 1,95,000కు పెంచారు. హైదరాబాద్‌లో ఆ గిరాకీకి కేంద్రం మాదాపూర్ కాదు, అమీర్‌పేటలోని మైత్రీవనం. సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల కేంద్రం కూడా మొదట్లో ఆ భవనంలోనే ఉండేది. చుట్టుపక్కల గల్లీల్లో బోర్డు మీద బోర్డు, మెట్ల మీద కరపత్రాలు, ఒక్కో గదిలో వంద మంది. మెయిన్‌ఫ్రేమ్స్, ఒరాకిల్, ఆ తర్వాత జావా. ఫీజు కొన్ని వేల రూపాయలు. మెకానికల్ చదివినవాడూ, సివిల్ చదివినవాడూ కొద్ది నెలల్లో ప్రోగ్రామర్‌గా బయటికొచ్చేవాడు. ఈ గల్లీలను చులకన చేసి రాసినవాళ్లున్నారు. నా దృష్టిలో అమీర్‌పేట చేసిన మేలు తక్కువది కాదు. పేరున్న కాలేజీలో సీటు దొరకని వేలమందికి చేతిలో పని పెట్టిన బడి అది.

ఈ కాలాన్ని అందరికంటే లోతుగా చూసింది ఒక చైనా పరిశోధకుడు. షియాంగ్ బియావో హైదరాబాద్‌లోనూ, సిడ్నీలోనూ ఉండి తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల మధ్య తిరిగి, 2007లో ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ అన్న పుస్తకం ప్రచురించాడు. కన్సల్టెన్సీ వీసాకు స్పాన్సర్ చేస్తుంది, మనిషిని విదేశానికి రప్పిస్తుంది, క్లయింటు దొరికితే అక్కడికి పంపి జీతంలో తన వాటా పట్టుకుంటుంది. దొరకకపోతే మనిషి బెంచ్ మీద. పని లేని రోజుల జీతం ఎవరిస్తారన్నదే అక్కడ కీలకం. అమెరికా 1998లో చేసిన చట్టం ప్రకారం హెచ్-1బి ఉద్యోగిని ఖాళీగా కూర్చోబెట్టినా యజమాని జీతం ఇచ్చి తీరాలి. కాగితం మీద నష్టం యజమానిదే. కన్సల్టెన్సీల వ్యవహారంలో అది తరచు ఉద్యోగి మీదికే జరిగిపోయేది. గెస్ట్‌హౌస్‌లో నలుగురైదుగురు సర్దుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బుతోనో అప్పుతోనో నెలలు నెట్టుకురావడం ఆ తరంలో చాలామంది ఎరిగిన అనుభవం. షియాంగ్ చెప్పిన మరో సంగతి ఇంకా బరువైనది. ఈ చదువుకు, కోర్సుకు, ప్రయాణానికి పెట్టుబడి పల్లె నుంచి వచ్చింది. పొలం ఆదాయం నుంచి కొంత, కట్నం నుంచి కొంత. వీసా ఉన్న పెళ్లికొడుకు ధర పెరిగింది, ఆ ధర చెల్లించింది ఆడపిల్ల తండ్రి. ప్రపంచ మార్కెట్టుకు చౌకగా ప్రోగ్రామర్ అందాడంటే, ఆ తేడా సొమ్ము మన ఊళ్లలో ఒక ఆడపిల్ల పుట్టింటివాళ్లు భరించారన్నమాట. ఐటీ విజయగాథలు రాసేటప్పుడు ఈ ఖాతా కూడా రాయాలి.

నా లెక్కలో అసలు మలుపు ఇంకా తర్వాత ఉంది. 2003 అక్టోబరు నుంచి 2004 డిసెంబరు దాకా పదిహేను నెలలు. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు నిర్ణయాలు ఆ వ్యవధిలో కలిశాయి. 2003 అక్టోబరు 1న హెచ్-1బి పరిమితి 1,95,000 నుంచి తిరిగి 65,000కు పడిపోయింది. 2004 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు లిబరలైజ్డ్ రెమిటెన్స్ పథకం తెచ్చింది. దేశంలో ఎవరైనా ఏడాదికి 25,000 డాలర్ల వరకు, కారణం చూపి అనుమతి అడిగే పని లేకుండా బయటికి పంపుకోవచ్చు. ఆ పరిమితి ఇప్పుడు రెండున్నర లక్షల డాలర్లు. 2004 డిసెంబరులో అమెరికా ఇంకో చట్టం చేసి, తమ విశ్వవిద్యాలయాల్లో మాస్టర్స్ చేసినవాళ్లకు విడిగా 20,000 హెచ్-1బి వీసాలు కేటాయించింది. ఈ మూడూ కలిపి చూడండి. ఇక్కడి నుంచి నేరుగా ఉద్యోగానికి వెళ్లే తలుపు ఇరుకైంది. అక్కడ చదివితే పక్క తలుపు తెరుచుకుంటుంది. ఆ చదువుకు కావలసిన డబ్బు పంపడానికి ఇక్కడ అడ్డు తొలగింది. 2008లో అమెరికా సైన్సు, ఇంజనీరింగ్ విద్యార్థులకు చదువయ్యాక పని చేసుకునే ఓపీటీ గడువును 12 నెలలకు మరో 17 నెలలు కలిపి పెంచింది, 2016లో ఆ అదనపు గడువును 24 నెలలు చేసింది. అదే 2008 అక్టోబరులో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ తెరుచుకుని, వీసా ఇంటర్వ్యూకు చెన్నై పరుగెత్తే పని తప్పింది. ఉద్యోగం వెతుక్కోవడమంటే ఇక కన్సల్టెన్సీ చుట్టూ తిరగడం కాదు, ముందు ఎంఎస్ సీటు కొనుక్కోవడం. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయులు 3,31,602 మంది. వాళ్లలో సగానికి పైగా తెలుగు రాష్ట్రాలవాళ్లేనని హైదరాబాద్ కాన్సులేట్ అధికారులే చెప్పారు.

బోరబండ పిల్లవాడికి గోడ అడ్డం వచ్చింది సరిగ్గా ఇక్కడే. 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ అతని బీటెక్‌కు దారి వేసింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటిన రోజులవి. ఆటో నడిపేవారి ఇంట్లో, కుట్టుమిషన్ మీద బతికే ఇంట్లో ఇంజనీరు తయారయ్యాడు. ఇది చిన్న విజయం కాదు. కానీ డిగ్రీ దాకా తెచ్చిన సర్కారు సముద్రం ఒడ్డున ఆగిపోయింది. ఎంఎస్‌కు ముప్పై లక్షల నుంచి అర కోటి దాకా అవుతుంది. 2001లో బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యారుణ పథకం విదేశీ చదువుకు 15 లక్షల దాకా అప్పు ఇవ్వమంది. చిన్న మొత్తాలకు పూచీకత్తు అక్కర్లేదు కానీ, ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తనఖా పెట్టాలి. బ్యాంకు లీగల్ అడ్వకేట్ అడిగేదేమిటి? రిజిస్టరైన సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, మున్సిపల్ ప్లాన్. హైదరాబాద్ బస్తీల్లో ఎన్నో ఇళ్లు నోటరీ కాగితం మీద చేతులు మారినవి. 2014 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 58, 59 నంబరు జీవోలు తెచ్చి ప్రభుత్వ స్థలాల్లోని ఇళ్లను క్రమబద్ధీకరించడానికి పూనుకుందంటేనే ఆ సమస్య ఎంత పెద్దదో తెలుస్తుంది. అరవై గజాల్లో రెండంతస్తులు వేసుకుని ముప్పై ఏళ్లుగా ఉంటున్న ఇల్లు కుటుంబానికి సర్వస్వం కావచ్చు, బ్యాంకుకు మాత్రం అది ఆస్తి కాదు. తనఖా లేకుండా ఇచ్చే ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలు ఎక్కువ వడ్డీ తీసుకుంటాయి, పైగా తల్లిదండ్రుల జీతం స్లిప్పులో, ఐటీ రిటర్నులో అడుగుతాయి. పొలం పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడు దాటిన గోడ ఇది. కిలోమీటర్ల దూరం కన్నా, ఆ గోడ ఎత్తే ఎక్కువ.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం, ప్రతిభ ఉన్నవాడు ఎలాగైనా వెళ్తాడు కదా అని. నిజమే, పూర్తి స్కాలర్‌షిప్‌తో పీహెచ్‌డీకి వెళ్లినవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. వాళ్ల విషయంలో ఖర్చు యూనివర్సిటీదే కాబట్టి అది నా వాదనకు ఎదురు కాదు, అండ. మిగతా అందరి విషయంలో తీర్పు చెబుతూ వచ్చింది ప్రతిభ కాదు, లాటరీ. 2024 ఆర్థిక సంవత్సరపు హెచ్-1బికి వచ్చిన రిజిస్ట్రేషన్లు 7,80,884. ఒకే మనిషికి ఇద్దరు ముగ్గురు యజమానులు వేసినవీ అందులో ఉన్నాయి. అందుబాటులో ఉన్న వీసాలు, మాస్టర్స్ వాటా కలుపుకుని, 85,000. ఒకే క్లాసులో చదివి, ఒకే కంపెనీలో ఒకే జీతానికి చేరిన ఇద్దరిలో ఒకరికి తగులుతుంది, ఇంకొకరికి మూడేళ్లు వేసినా తగలదు. తగలనివాడు ఓపీటీ అయిపోగానే అప్పుతో సహా వెనక్కి రావాలి. ఆ దెబ్బ తట్టుకోగల ఇల్లున్నవాడు మూడుసార్లు లాటరీ ఆడగలడు. లేనివాడు మొదటిసారికే సాహసించడు.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. ఎవరూ బలవంతం చేయలేదు, కుటుంబాలు లెక్క చూసుకునే పెట్టుబడి పెట్టాయి, లక్షల మందికి అది ఫలించింది కూడా అంటారు. ఫలించింది, కాదనను. ఆ డాలర్లతో ఊళ్లలో ఇళ్లు లేచాయి, తమ్ముళ్లు చెల్లెళ్లు చదివారు, ముసలివాళ్లకు ఆపరేషన్లు జరిగాయి. కానీ పెట్టుబడి అన్నాక మోసం నుంచి కొంత రక్షణ కూడా ఉండాలి కదా. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద అధికారులు దాడి చేసినప్పుడు అక్కడ నమోదైన విద్యార్థుల్లో అత్యధికులు తెలుగువాళ్లు. మోసం చేసింది యూనివర్సిటీ నడిపినవాళ్లయితే, కాళ్లకు రేడియో పట్టీలు పడింది కొందరు విద్యార్థులకు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అసలు యూనివర్సిటీయే కాదని, వల వేయడానికి అమెరికా వలస అధికారులే నడిపినదని బయటపడింది. 129 మంది భారతీయులు అరెస్టయ్యారు, వాళ్లలోనూ ఎక్కువమంది మనవాళ్లే. కట్టిన ఫీజు కోసం కొందరు కోర్టుకెక్కాల్సి వచ్చింది. అన్నీ తెలిసే చేరినవాళ్లు వాళ్లలో ఉండవచ్చు. అయినా ఖర్చూ, శిక్షా రెండూ ఒకే చివర పడ్డాయన్నది మారదు.

మన చట్టాల సంగతి చూసినా అంతే. కరీంనగర్ నుంచో నిజామాబాద్ నుంచో గల్ఫ్‌కు కూలికి వెళ్లే మనిషి కోసం 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. విదేశీ ఉద్యోగానికి పంపే ఏజెంటు లైసెన్సు తీసుకోవాలి, సెక్యూరిటీ కట్టాలి, అభ్యర్థి నుంచి పన్ను కాక 30,000 రూపాయలకు మించి పుచ్చుకోకూడదు. ఆ చట్టం ఎంత సరిగా అమలవుతుందో గల్ఫ్ బాధిత కుటుంబాలను అడగాలి, అది వేరే కథ. కనీసం ఒక గీత ఉంది. చదువు పేరుతో పంపే కన్సల్టెన్సీకి ఈ చట్టం వర్తించదు. ఉద్యోగం కోసమే, ఉద్యోగం చూపించే అప్పు చేసి విద్యార్థి వీసా మీద వెళ్లే ఇంజనీరు, చట్టం దృష్టిలో ఉద్యోగానికి వెళ్తున్నవాడు కాదు. కూలీకి కాగితం మీదైనా ఉన్న రక్షణ ఇతనికి కాగితం మీద కూడా లేదు. ఇరవై ఏళ్లుగా ఇది ఇలాగే నడుస్తున్నా చట్టసభల్లో దీనిపై గట్టి చర్చ జరగకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

హైటెక్ సిటీనే కదా ఆన్‌సైట్ అవకాశాలిచ్చింది అనేవాళ్ల మాట చివరికి మిగిలింది. దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. 1987లో హైదరాబాద్‌లో పుట్టిన సత్యం నుంచి ఇవాళ్టి బహుళజాతి సంస్థల దాకా, ఇక్కడ రెండు మూడేళ్లు పని చేయించుకుని ప్రాజెక్టు మీద విదేశాలకు పంపిన కంపెనీలున్నాయి. వీసా ఖర్చు కంపెనీది, టికెట్ కంపెనీది, ప్రాజెక్టు పోతే మళ్లీ మాదాపూర్‌లో అదే కుర్చీ. ఆ దారిలో బ్యాంకుకు చూపించాల్సిన సేల్ డీడ్ అక్కర్లేదు, కట్నం లెక్కా అక్కర్లేదు. నోటరీ ఇంట్లో పెరిగినవాడు కూడా వెళ్లగలడు. ఖర్చు మోసేవాడు మారితే వెళ్లేవాడు మారతాడనడానికి ఇంతకంటే తేట ఉదాహరణ నాకు దొరకదు. ట్యూషన్ ఫీజు లేని జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల వైపు ఈ మధ్య మన పిల్లల చూపు మళ్లడానికీ కారణం అదే. అక్కడ ఏడాది ఖర్చు కింద సుమారు 12,000 యూరోలు బ్యాంకులో చూపించాలి, భాష కష్టపడి నేర్చుకోవాలి, కానీ ఇల్లు తనఖా పడకుండా బయటపడే వీలుంది. తెలంగాణలో అంబేద్కర్, పూలే పేర్లతో ఉన్న విదేశీ విద్యానిధి పథకాలు, 2015లో మొదలైన మైనారిటీ స్కాలర్‌షిప్ అర్హులకు 20 లక్షల దాకా ఇస్తాయి. మూడు తరాల కింద నిజాం సర్కారు చేసిన పనికి ఇవి వారసులు. లబ్ధిదారులు ఏటా వందల్లోనే ఉంటారన్నది వాటి పరిమితి.

2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు జారీ చేసిన ప్రకటన ఈ లెక్కను మరోసారి తిరగరాసింది. కొత్త హెచ్-1బి దరఖాస్తుకు యజమాని లక్ష డాలర్లు కట్టాలి. పైకి చూస్తే భారం యజమాని మీదికి తిరిగి వెళ్లినట్టే ఉంటుంది. నెల తిరిగేసరికి అక్కడి వలస విభాగం ఇచ్చిన వివరణలో అసలు సంగతి ఉంది. ఆ రుసుము దేశం బయట ఉన్నవారిని రప్పించడానికే. అమెరికాలోనే విద్యార్థి వీసా మీద ఉండి హెచ్-1బికి మారేవారికి అది వర్తించదు. అంటే హైదరాబాద్ నుంచి కంపెనీ తన ఖర్చుతో పంపే తలుపు లక్ష డాలర్లంత ఇరుకైంది. సొంత డబ్బుతో అక్కడికి చేరి చదివినవాడి తలుపు మాత్రం అలాగే తెరిచి ఉంది.